వరండాలో పెట్టిన బొమ్మల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫోటో నాకూ వచ్చింది. ఏడుగురు పంపారు. కింద "స్కూల్లో క్లబ్ డాన్సుల బొమ్మలా?" అని రాత. అవునండీ, అది మన పై అంతస్తు వరండాలో తొమ్మిదో తరగతి వాళ్లు పెట్టిన ప్రదర్శనలోదే. పారిస్‌లోని మూలాన్ రూజ్ నాట్యశాల కోసం 1891లో ఫ్రెంచి చిత్రకారుడు తులూజ్ లోట్రెక్ చేసిన లిథోగ్రాఫ్ (రాతి మీద గీసి అచ్చువేసే) పోస్టర్‌కి నకలు. కాలెత్తి ఆడుతున్నావిడ పేరు లా గులూ, అంటే తిండిపోతు అని ముద్దుపేరు. ఫోటో తీసినవారి చూపు పావడా దగ్గరే ఆగింది. పక్కనే పిల్లలు రాసి అంటించిన కాగితం కూడా ఫోటోలో పడి ఉంటే నాకీ ఉత్తరం తప్పేది.



ఇక డ్రాయింగ్ పీరియడ్ సంగతి. ప్రతి మీటింగులోనూ దాన్ని లెక్కలకి ఇచ్చేయమంటారు. ఇవ్వను. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో రెండు తొడ ఎముకలూ విరిగి, కాళ్లు ఎదగక ఆగిపోయిన కుర్రాడు లోట్రెక్. ఆడలేని ఆ మనిషి గీసిన గీతలో ఎంత ఆట ఉందో మా పిల్లలు గంటసేపు చూశారు. దివాన్ జపోనే అనే పారిస్ పాటల కెఫే కోసం 1893లో ఆయన చేసిన పోస్టర్‌లో గాయని తల అంచు దగ్గర తెగిపోయి ఉంటుంది. "నల్ల గ్లోవ్స్ చూస్తే చాలు, ఆవిడెవరో ఊరంతటికీ తెలుసన్నమాట మేడమ్" అన్నాడు, లెక్కల్లో ఎప్పుడూ తిట్లు తినే ఒక కుర్రాడు. నాకు తట్టలేదు ఆ మాట. సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి, రాయిని తడిపి సిరా రుద్దితే సిరా గీతకే ఎందుకు అంటుకుంటుందని అడిగితే, బి సెక్షన్ అమ్మాయి "పకోడీ పొట్లం మీద నూనె మరకకి తడి అంటదు కదా మేడమ్" అంది. కెమిస్ట్రీ టీచరుగారు అక్కడే చప్పట్లు కొట్టారు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి కావాలని కూడా ఆ పిల్లే చెప్పింది. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో లక్ష్మీ సరస్వతుల పటాలు అచ్చయింది కూడా ఈ విద్యతోనే. వాటి మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఇంకొక్క మాట, నొచ్చుకోకండి. మొదటి ఫిర్యాదు నాకు రాత్రి పదకొండున్నరకి వచ్చింది, మీలో ఒకరి అబ్బాయి ఫోన్ నుంచే. సోమవారం మొదటి పీరియడ్‌లో సగం క్లాసు కునికిపాట్లు, కొందరు టిఫిన్ కూడా తినలేదు. నూట ముప్పై ఏళ్ల కిందటి పారిస్ రాత్రుల గురించి మీ బెంగ నాకర్థమైంది. మన ఇళ్లలో రాత్రుల సంగతి కూడా కాస్త చూసుకుందాం. దయచేసి పదింటికల్లా ఫోన్లు తీసేసుకోండి.

ప్రదర్శన శుక్రవారం దాకా ఉంటుంది. సాయంత్రం నాలుగు తర్వాత రండి, పిల్లలే దగ్గరుండి చూపిస్తారు. ఫోన్లు మాత్రం ఆఫీసు రూములో ఇచ్చి పైకి రావాలి.

మీ
ప్రధానోపాధ్యాయిని