తనిఖీ లేని చోట బడ్జెట్‌కు హద్దు ఉండదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. అణ్వాయుధ నియంత్రణపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన సంపాదకీయంలోనూ, దానికి స్పందనగా ప్రచురించిన లేఖల్లోనూ ఒక అభిప్రాయం పదేపదే కనిపించింది. ఒప్పందాలు శాంతికాముకుల కోరిక అనీ, రక్షణ కేటాయింపులు లోకం తెలిసినవారి పని అనీ, ప్రభుత్వాలు ఈ రెంటిలో ఏదో ఒక దారే పట్టాలనీ దాని సారాంశం. ముప్ఫై ఏళ్లు పద్దుల తనిఖీలో పనిచేసి రిటైరైన నాకు ఈ విభజనే పొరపాటుగా తోస్తోంది. ఆయుధ నియంత్రణ ఒప్పందం అంటే, తక్కిన మర్యాదలన్నీ పక్కన పెడితే, ఒకరి సరుకు మరొకరు లెక్క చూసుకునే ఏర్పాటు. ఆ లెక్క లేనప్పుడు ఖజానాకు ఎంత చిల్లు పడుతుందో చరిత్రలో ఒకసారి స్పష్టంగా తేలింది కూడా.

1950ల చివర అమెరికాలో ‘క్షిపణుల అంతరం’ అన్న మాట మారుమోగింది. సోవియట్ యూనియన్ ఖండాంతర క్షిపణుల్లో తమను దాటిపోతోందన్న భయాన్ని 1960 అధ్యక్ష ఎన్నికల్లో కెనడీ ప్రచారాంశంగా మార్చుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో కరోనా అనే నిఘా ఉపగ్రహం తీసిన ఫిల్ము తొలిసారి భూమికి చేరింది. అలాంటి ఫొటోలు చూశాక 1961 సెప్టెంబరులో అమెరికా గూఢచారి సంస్థలు సోవియట్ ఖండాంతర క్షిపణుల లాంచర్లు 10 నుంచి 25 లోపేనని తేల్చాయి. నిజానికి ఉన్నవి అంతకన్నా తక్కువేనని తరవాత బయటపడింది. అప్పటికే పరుగందుకున్న అమెరికా మినిట్‌మన్ ఖండాంతర క్షిపణుల నిర్మాణం మాత్రం 1,000 దాకా వెళ్లి గానీ ఆగలేదు. 1967 మార్చిలో నాష్‌విల్‌లో కొందరు విద్యావేత్తలతో మాట్లాడుతూ అధ్యక్షుడు జాన్సన్, అంతరిక్ష కార్యక్రమం మీద పెట్టిన 3,500 నుంచి 4,000 కోట్ల డాలర్లకు ఉపగ్రహ ఫొటోలు తప్ప మరేమీ దక్కకపోయినా దానికి పదింతలు గిట్టినట్టేనని అన్నారు. అవి లేనంతకాలం చేయనక్కర్లేని పనులు చేశామనీ, కట్టనక్కర్లేనివి కట్టామనీ, పెట్టుకోనక్కర్లేని భయాలు పెట్టుకున్నామనీ ఆయన ఒప్పుకున్నారు. ఆడిట్ అభ్యంతరానికి ఒక దేశాధినేత ఇంత నిజాయితీగా జవాబివ్వడం నేను మరెక్కడా చదవలేదు.

నా ఉద్యోగం తొలినాళ్లలో ఒక గోదాము తనిఖీకి వెళ్లాను. మూడేళ్లుగా అక్కడ సరుకు లెక్క చూసినవారు లేరు. పక్క విభాగం దగ్గర ఏముందో తెలియక ప్రతి విభాగమూ అవసరానికి మించి ఇండెంట్లు (సరుకు కావాలని కోరే పత్రాలు) పెట్టింది. విప్పని పెట్టెలు చూరు దాకా పేరుకుపోయాయి. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. లెక్క తెలియకపోవడం ఒక్కటే అంత ఖర్చు తెచ్చిపెట్టింది.

అణ్వాయుధాల విషయంలో ఆ లెక్క ఎలా చూసేవారో మన పాఠకులకు అంతగా తెలిసినట్టు లేదు. 2010 ఏప్రిల్ 8న ప్రాగ్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామా, రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ సంతకాలు చేసిన న్యూ స్టార్ట్ ఒప్పందం ఇరుపక్షాలకూ మోహరించిన వార్‌హెడ్లు (క్షిపణి మోసుకెళ్లే అణుబాంబులు) 1,550, మోహరించిన క్షిపణులూ బాంబర్లూ కలిపి 700 అని పరిమితి విధించింది. ఏడాదికి ఒక్కో దేశం అవతలి దేశంలో 18 తనిఖీలు చేయగలిగేది. తనిఖీ బృందం స్థావరానికి చేరాక ఫలానా క్షిపణిని చూపమని కోరేది; ఆతిథ్య దేశం ఆ క్షిపణి ముక్కు మీది తొడుగు తీసి చూపించాల్సి వచ్చేది. లోపలి వార్‌హెడ్ల రూపం రహస్యం కనుక ఒక్కోదాని మీద ఒక్కో ముసుగు వేసి ఉంచేవారు. వచ్చినవారు ముసుగులను లెక్కపెట్టి, తమకు ముందే ఇచ్చిన సంఖ్యతో సరిపోయిందో లేదో రాసుకుని వెళ్లేవారు. రహస్యం రహస్యంగానే ఉండేది, లెక్క లెక్కగానే తేలేది. పెట్టె విప్పకుండా సరుకు లెక్కించడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి గనుక ఈ పద్ధతి కనిపెట్టినవారి మీద నాకు గౌరవం.

దీనికి ముందరి 1991 నాటి స్టార్ట్ ఒప్పందం కింద అమెరికా 365 బి-52 బాంబర్లను ధ్వంసం చేసింది. అరిజోనా ఎడారిలోని డేవిస్-మోంథన్ స్థావరంలో క్రేనుకు కట్టిన బరువైన ఉక్కు కత్తిని పైనుంచి వదిలి రెక్కలనూ, తోకనూ, మొండేన్నీ వేరుచేసేవారు. ఆ ముక్కలను 90 రోజుల పాటు అలాగే ఆరుబయట వదిలేయాల్సి వచ్చేది, అవతలివారి ఉపగ్రహాలు తీరిగ్గా చూసుకునేందుకు.

ఈ ఏర్పాటు ఒక్కసారిగా కూలిపోలేదు. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా తనిఖీలు ఆగి మళ్లీ మొదలుకాలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందం అమలును నిలిపివేసింది. ఒకే ఒక్కసారి పొడిగించే వీలున్న గడువును 2021లోనే వాడేసుకున్నారు కాబట్టి 2026 ఫిబ్రవరి 5తో ఒప్పందం కాలం చెల్లింది. 1987లో రీగన్, గోర్బచేవ్ సంతకాలు చేసి 2,692 క్షిపణులను తుక్కు చేయించిన మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందమైతే 2019 ఆగస్టులోనే ముగిసిపోయింది.

ఇప్పుడు బడ్జెట్ వైపు చూద్దాం. అమెరికా అణుబలగాల మీద 2025 నుంచి 2034 దాకా పదేళ్లలో 94,600 కోట్ల డాలర్లు ఖర్చవుతాయని అక్కడి కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా. అందులో పాత మినిట్‌మన్ల స్థానంలో రాబోయే సెంటినెల్ క్షిపణి కార్యక్రమం ఉంది. 2024 జులైలో దాని వ్యయాన్ని 14,090 కోట్ల డాలర్లుగా సవరించారు. ఇది 2020 అంచనా కంటే 81 శాతం ఎక్కువ. పెరుగుదలలో ఎక్కువ భాగం క్షిపణి వల్ల కాదు. క్షిపణులను నిలిపి ఉంచే పాత భూగర్భ గొట్టాలు పనికొస్తాయనుకున్నారు, రావని తేలింది. వాటిని కలుపుతూ దాదాపు 12,000 కిలోమీటర్ల పొడవున కొత్త కేబుల్ వేయాలి. ఇది ఒప్పందం లేకపోవడం వల్ల వచ్చిన నష్టమని నేననను. అది అంచనా వేసినవారి లోపం. నా ప్రశ్న వేరు. ఇన్ని క్షిపణులు నిజంగా కావాలా అని చట్టసభ సభ్యుడెవరైనా అడిగితే, అవతలివారి పరిమితి ఫలానా అని చూపే కాగితం ఇదివరకు ఉండేది. ఇప్పుడు ఆ చోట ఊహ వచ్చి కూర్చుంది, ఊహ ఎప్పుడూ పెద్ద సంఖ్యనే కోరుతుంది.

వచ్చే క్షిపణిని దారిలోనే కూల్చేసే క్షిపణి నిరోధక వ్యవస్థల కథ ఇంకా వింతగా ఉంటుంది. శత్రువు అడ్డుగోడ కడుతున్నాడని ఒక్కో క్షిపణికి మూడేసి వార్‌హెడ్లు తగిలించడం 1970లో మినిట్‌మన్-3తో మొదలైంది. అంటే, రక్షణ కోసం ఒకరు పెట్టిన ఖర్చు దాడి కోసం మరొకరి చేత ఖర్చు పెట్టించింది. ఇది అర్థమయ్యే 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ ఒక ఒప్పందంతో ఆ అడ్డుగోడలకు పరిమితి పెట్టుకున్నాయి. ఆ పరిమితికి లోబడే అమెరికా నార్త్ డకోటాలో నిర్మించిన సేఫ్‌గార్డ్ కేంద్రం 1975లో పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టిందో లేదో, దాన్ని మూసేయాలని ప్రతినిధుల సభ ఓటేసింది. కొన్ని నెలల్లోనే మూతపడింది. 2002లో ఆ ఒప్పందం నుంచి అమెరికా వైదొలగింది. 2025 మేలో ప్రకటించిన ‘గోల్డెన్ డోమ్’ అనే కొత్త అడ్డుగోడకు 17,500 కోట్ల డాలర్లు అవుతుందని అధ్యక్షుడు ట్రంప్ చెప్పారు. ఒక్క అంతరిక్ష నిరోధకాలకే ఇరవై ఏళ్లలో 16,100 కోట్ల నుంచి 54,200 కోట్ల దాకా కావచ్చన్నది బడ్జెట్ కార్యాలయం మాట. కింది అంకెకూ పై అంకెకూ మధ్య మూడింతలకు పైగా తేడా ఉన్న అంచనా నా బల్ల మీదికి వచ్చి ఉంటే సంతకం పెట్టేవాణ్ణి కాను.

ఒప్పందాలు ఎన్నడూ ఉచితం కాదన్నది కూడా నిజమే. న్యూ స్టార్ట్‌కు సెనేట్ ఆమోదం సంపాదించడానికి ఒబామా ప్రభుత్వం ఆయుధ కర్మాగారాలకు పదేళ్లలో 8,500 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామని మాటివ్వవలసి వచ్చింది. అలా గానీ 2010 డిసెంబరులో 71-26 ఓట్లు రాలేదు. ఒక్కో బాంబరు ఎన్ని బాంబులు మోసినా ఒకటిగానే లెక్కవేయడం ఆ ఒప్పందంలోని పెద్ద కంత. చైనా అసలు ఏ పరిమితిలోనూ లేదు. 2021లో ఆ దేశపు ఎడారుల్లో వందల క్షిపణి గొట్టాలు తవ్వుతున్నట్టు ప్రైవేటు ఉపగ్రహాల ఫొటోల్లో బయటపడింది. గొట్టం కనిపిస్తుంది, అందులో క్షిపణి ఉందో లేదో ఆకాశం నుంచి కనిపించదు. తొడుగు తీసి చూపించే తనిఖీ లేకపోతే అన్నీ నిండే ఉన్నాయనుకుని బడ్జెట్ రాసుకోవడం తప్ప అవతలివారికి దారి ఉండదు.

ఎదుటివారి మీద నమ్మకం కుదిరాకే ఇవన్నీ సాధ్యమని ఒక పాఠకుడు రాశారు. మన ఉపఖండమే అందుకు జవాబు. అణు కేంద్రాలపై దాడి చేయరాదంటూ భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబరు 31న కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం తరవాత కూడా అది ఆగలేదు. బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు తెలియజేయాలన్న 2005 నాటి ఒప్పందమూ ఉంది. ఇవి ఒక్క ఆయుధాన్నీ తగ్గించని మాట నిజం. నమ్మకం బొత్తిగా లేని ఇద్దరి మధ్య కూడా కాగితాలు చేతులు మారతాయన్న మాటా నిజమే.

2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద 2.7 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు చేశాయని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క కట్టింది. ఆ మొత్తం పక్కన తనిఖీ బృందాల విమాన ఛార్జీలూ, దుబాసీల జీతాలూ, కొలత సాధనాల ఖరీదూ కంటికి ఆనవు. అందుకే ఆ ఖర్చును విదేశాంగ శాఖ మర్యాదల కింద కాక రక్షణ పద్దులోనే చూపాలనీ, కొత్త అణ్వస్త్రానికి నిధులడిగే ప్రతి ప్రతిపాదనలోనూ అవతలివారి దగ్గర ఎన్ని ఉన్నాయని భావించారో, ఆ సంఖ్యను ఎవరు ఎలా సరిచూశారో రాసే గడి ఒకటి ఉండాలనీ నా సూచన. ఆ గడి ఖాళీగా వస్తే, మా ఆఫీసులో చేసినట్టే, ఆ ఇండెంటును వచ్చిన దారినే వెనక్కి పంపాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆడిటర్