కలెక్టర్ గారూ, చెరువు అడుగు బురద సంగతి చూడండి

కలెక్టర్ గారికి నమస్కారం. మా కోనసీమ ఊరి చెరువులో గుర్రపుడెక్క ఏటా తీయిస్తున్నారు, బిల్లులూ అవుతున్నాయి, మళ్లీ గట్టు నుంచి గట్టు దాకా అల్లుకుపోతోంది. దాన్ని పెంచే అసలు సరుకు అడుగు బురదలో ఉందండి. చేలల్లో చల్లిన డీఏపీ ఎరువు, రొయ్యల మేత, ఇళ్ల మురుగు, వీటన్నిటి ఫాస్ఫరస్ (మొక్కలకి బలమిచ్చే భాస్వరం) అక్కడ ఇనుముతో అంటిపెట్టుకుని ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోగానే ఆ పట్టు వదిలి నీళ్లలోకి వచ్చేస్తుంది. కర్రతో కెలికితే నల్లటి బురద, కుళ్లిన గుడ్ల వాసన, అడుగున ఆక్సిజన్ లేదనడానికి అదే గుర్తు. స్వీడన్‌లో ట్రుమ్మెన్ సరస్సు మురుగు ఆపినా బాగుపడలేదు, 1970, 71లో బురద తోడాకే తేరుకుంది. ఫాస్ఫరస్‌ని బురదలోనే కట్టిపడేయడానికి పటిక వేసే పద్ధతీ ఉంది గానీ మురుగు ఆపకుండా వేస్తే డబ్బు దండగ. ముందు బురద శాంపిల్ తీయించండి. తోడిన బురదని మాత్రం గట్టుమీదే పొయ్యనివ్వకండి, పోయినసారి కాంట్రాక్టర్ అదే చేశాడు, మొదటి వానకే అంతా చెరువులోకి జారింది.