మిల్టన్ హరికేన్ వేళ మమ్మల్ని ఆదుకున్న వారందరికీ కృతజ్ఞతలు

2024 అక్టోబరు 9వ తేదీ రాత్రి మిల్టన్ హరికేన్ ఫ్లోరిడా పశ్చిమ తీరాన్ని తాకినప్పుడు, టాంపాలో ఉంటున్న మా కుటుంబాన్నీ, మమ్మల్ని చూడడానికి ఊరి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలనూ కనిపెట్టుకుని ఉన్న వారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాం.

ముందుగా మా పక్కింటి పెద్దావిడకు. ఏళ్ల తరబడి ఈ తీరంలోనే ఉంటున్న ఆమె, జాతీయ హరికేన్ కేంద్రం విడుదల చేసే, తుఫాను దారిని శంకువు ఆకారంలో చూపే పటంలో మధ్య గీత ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దనీ, ఆ శంకువు తుఫాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో మాత్రమే చెబుతుందనీ, గాలీ నీరూ దాని అంచు దాటి ఎంతో దూరం వస్తాయనీ ఓపికగా వివరించారు. 7వ తేదీన మిల్టన్ గంటకు 180 మైళ్ల గాలులతో అన్నిటికన్నా తీవ్రమైన అయిదో కేటగిరీకి చేరిందని వినగానే మేము జార్జియా వైపు బయలుదేరాలనుకున్నాం. అప్పటికే చాలా బంకుల్లో పెట్రోలు అయిపోయింది, రహదారులు కిక్కిరిసి ఉన్నాయి. గాలికి గట్టి ఇంట్లో తలదాచుకోవచ్చు గానీ నీటి నుంచి మాత్రం తప్పుకోవలసిందేనని, అందుకు వందల మైళ్లు పోనక్కరలేదని, మెరక ప్రాంతానికి చేరితే చాలని ఆమె నచ్చజెప్పారు. మా ఇల్లు ముందుగా ఖాళీ చేయవలసిన 'ఎ' జోన్‌లో ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమలో కళ్లారా చూసిన నాన్నగారు ఆ మాట విని మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నారు.

ముఖపరిచయం తప్ప అంతగా స్నేహం లేని మమ్మల్ని న్యూ టాంపాలోని తమ ఇంటికి రమ్మన్న తెలుగు దంపతుల రుణం తీర్చుకోలేనిది. కిటికీలు లేని మెట్ల కింది గదిలో పెద్దవాళ్లకు పరుపులు వేశారు. స్నానాల తొట్టెలు నీళ్లతో నింపారు. కరెంటు పోయాక ఆ ఇల్లాలు నాన్నగారి ఇన్సులిన్ సీసాలను, మంచు నేరుగా తగిలి గడ్డకడితే మందు పాడవుతుందని, తువ్వాలులో చుట్టి ఐస్ బాక్సులో పెట్టి, రాత్రంతా మధ్యమధ్యలో లేచి చూసుకున్నారు. మా సొంత మనుషులైనా అంతకంటే చేసేవారు కాదు.

ఉప్పెన రానే లేదు కదా, అనవసరంగా ఊళ్లు ఖాళీ చేయించారని కొందరు అంటున్నారు. ఆ మాటతో మేము ఏకీభవించలేము. తుఫాను మాకు దక్షిణంగా, సియెస్టా కీ అనే దీవి దగ్గర తీరం దాటింది కాబట్టి గాలులు నేల మీది నుంచి వీచి టాంపా అఖాతంలోని నీటిని సముద్రంలోకి నెట్టేశాయి. అదే కాస్త ఉత్తరంగా దాటి ఉంటే, ముందుగా హెచ్చరించిన 10 నుంచి 15 అడుగుల ఉప్పెన మా వీధుల్లోకి వచ్చి ఉండేది. అది రాకపోయినా మా పక్క ఊరు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా వాన పడింది. అందువల్ల హెచ్చరించిన వాతావరణ నిపుణులకూ, తుఫాను కడుపులోకి విమానాలు నడిపి కొలతలు తెచ్చిన సిబ్బందికీ మా నమస్కారాలు.

రెండు వారాల క్రితమే వచ్చిన హెలీన్ హరికేన్ మిగిల్చిన చెత్తకుప్పలు గాలికి ఎగిరి ఇళ్ల మీద పడకుండా రాత్రింబవళ్లు ఎత్తిపోసిన కార్మికులకు, ముప్పై లక్షలకు పైగా కనెక్షన్లు పోయిన రాష్ట్రానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్తంభాలెక్కిన లైన్‌మెన్‌లకు, మా వాకిట్లో అడ్డంగా కూలిన ఓక్ చెట్టును అడగకుండానే కోసి పక్కకు లాగిన కుర్రాళ్లకు కూడా ధన్యవాదాలు.

ఆ కుర్రాళ్లలో ఎవరిదో ఒక రంపం, చేతి తొడుగుల జత మా గ్యారేజీలో ఉండిపోయాయి. దయచేసి వచ్చి తీసుకువెళ్లండి. మా అమ్మగారు ఇంకా ఇక్కడే ఉన్నారు కనుక భోజనం చేయకుండా మాత్రం పంపించరు.