వృద్ధాశ్రమాల్లో రాత్రిపూట ఎవరుంటున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది కావలి. మా పెద్దమ్మకి పక్షవాతం వచ్చి కుడిపక్క కదలదు, కొడుకులిద్దరూ బెంగళూరులో, చూసుకునే దిక్కులేక నెల్లూరులో ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో చేర్చాం. మొన్న చూడ్డానికి పోతే నడుం కింద రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ చర్మం నల్లగా అయిపోయుంది. అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగితే పాపం ఏడుపొక్కటే తక్కువ, "రాత్రిళ్ళు ముప్పై మందికి నేనొక్కదాన్నే అన్నా, ఎవర్నని చూసేది" అంది. మంచం మీదుండేవాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని ఆ పిల్లకి ఎవరూ నేర్పలా, నేర్పినా ఒక్క మనిషి ఎంతమందిని తిప్పుద్ది? నేనైతే ఆ పిల్లని తప్పుపట్టను.

2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరికి పోవచ్చు, మంచిదే. కానీ డబ్బు కట్టి చేర్చిన చోట మనుషులు చాలకపోతే? రాత్రికి ఇంతమందికి ఒకరు ఉండాలని లెక్క పెట్టి గోడమీద రాయించాలి. మనిషిని లేపడం, తిప్పడం, పొరబోకుండా అన్నం తినిపించడం, షుగర్ పడిపోతే గుర్తుపట్టడం, ఇవన్నీ నేర్పాకే పనిలో పెట్టుకోవాలి, నెల్లూరు, ఒంగోలులో ఇన్ని నర్సింగ్ కాలేజీలున్నాయి కదా, వాళ్ళ చేత నేర్పించొచ్చు. జీతం కూడా పెంచాలి, లేకపోతే నేర్చుకున్నోళ్ళు నిలవరు.

అధికారులు తనిఖీకి పగలు కాదు, చెప్పకుండా రాత్రి పదకొండుకి రావాలి. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ప్రతి గదిలో పెద్దక్షరాలతో అంటించండి, మా పెద్దమ్మకి ఆ నంబరుందని కూడా తెలీదు.

ఒక పాఠకుడు, కావలి