వంతెన అవతలికి సామాను

చిన్నీ,

మొన్న రాత్రికి తెనాలి చేరాను. మీ నాన్న మోకాలు బాగానే ఉంది, దోసావకాయ మాత్రం బూజు పట్టించారు. పోలండ్‌లో, మీ క్రాకోవ్‌లో ఉన్నప్పుడే నీకు చెబుదామనుకున్న సంగతి ఒకటుంది. నువ్వు ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చేసరికి చెప్పబుద్ధి అయ్యేది కాదు. ఫోన్లో చెబితే "ఊఁ, ఊఁ" అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

నువ్వు రోజూ ట్రామ్ ఎక్కే కూడలిలో ఖాళీ కుర్చీలున్నాయే, అవేంటని మొదటిరోజు అడిగాను. "ఏదో ఆర్ట్‌లే అమ్మా" అన్నావు. నేనూ స్టాపు దగ్గరున్న చిన్న కుర్చీలో కూర్చుని కాళ్లు నొక్కుకున్నాను.

నువ్వు ఆఫీసుకి వెళ్లాక ఒక్కదాన్నే కజిమెజ్ పేట అంతా తిరిగాను. 1335లో కజిమీర్ రాజు క్రాకోవ్ పక్కన వేరే ఊరుగా వేయించింది అది. 1495లో క్రాకోవ్ నుంచి యూదుల్ని వెళ్లగొడితే అక్కడికి వచ్చి చేరారు. షెరోకా వీధిలో రెము సినగాగ్ అనే యూదుల గుడి వెనుక పాత శ్మశానం ఉంది. 1572లో పోయిన పెద్ద పండితుడు మోషే ఇస్సెర్లెస్ సమాధి అక్కడే. సమాధుల మీద గులకరాళ్లు పెట్టి వెళ్తారు. నేనూ ఒకటి పెట్టాను, పెట్టొచ్చో లేదో అడగలేదు. పగిలిన సమాధిరాళ్ల ముక్కలన్నీ ఏరి అతికించిన గోడ కూడా ఉంది. అన్నట్టు, మనం జపికాంకా తిన్న ఆ గుండ్రటి షెడ్డు ఒకప్పుడు యూదులు తమ పద్ధతిలో కోళ్లు కోయించుకునే చోటట.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ నాజీలు యూదుల్ని గోడ కట్టి బంధించిన ఘెట్టో కూడా ఆ సందుల్లోనే అనుకున్నాను. చాలామంది అలాగే అనుకుంటారట. కాదు. విస్తులా నది ఇవతల పొద్‌గూజె పేటలో, నువ్వుంటున్న వైపే. యుద్ధానికి ముందు ఊళ్లో నలుగురిలో ఒకరు యూదులు, 60 వేలకు పైనే. 1940లో చాలామందిని ఊరి నుంచే తరిమేశారు. 1941 మార్చిలో మిగిలినవాళ్లని ఇటు రమ్మన్నారు. అంతకుముందు సుమారు 3 వేల మంది ఉండే కొద్దిపాటి వీధుల్లో 15 వేల మందిని కుక్కారు.

మీ నాన్న బ్యాంకు బదిలీలతో మనం పదకొండు ఇళ్లు మారాం. లారీ ఎక్కించే ప్రతిసారీ సన్నికల్లు వద్దని ఆయన, ఒళ్లో పెట్టుకునైనా తెస్తానని నేను. అందుకే కజిమెజ్ నుంచి ఇటు వచ్చే, ప్రేమికులు తాళాలు వేసే వంతెన మీద నడుస్తుంటే నాకు సామానే గుర్తొచ్చింది. ఆ వంతెన 2010లో కట్టింది, వాళ్లు దాటినప్పుడు అది లేదు. కానీ నది అదే. బళ్ల మీద పరుపులు, బీరువాలు, కుర్చీలు వేసుకుని దాటారు. ఒక్క గదిలో ఎన్ని కుటుంబాలో తెలియకుండా ఏది తీసుకెళ్లాలని లెక్క వేసుకుంటారు?

ల్వోవ్‌స్కా వీధిలో ఘెట్టో గోడ ముక్క ఇంకా ఉంది. పైఅంచు సమాధిరాళ్ల వరసలా గుండ్రంగా కట్టారు. పక్కనుంచి సైకిళ్లు వెళ్తున్నాయి.

తన దగ్గర పనిచేసే యూదుల్ని కాపాడిన షిండ్లర్ ఫ్యాక్టరీ దగ్గర క్యూ చూసి వెనక్కి వచ్చేశాను. నన్నడిగితే నీ స్టాపు ఎదురుగా ఉన్న పాత మందుల షాపే ముందు చూడాలి. ఘెట్టోలో ఉండటానికి అనుమతి దొరికిన యూదుడు కాని పోలిష్ మనిషి తదేవుష్ పాంకీవిచ్ ఒక్కడే, ఆ షాపు ఆయనది. ముసలివాళ్లలా కనిపించకూడదని జుట్టుకి రంగు అడిగేవారట. దాక్కున్నప్పుడు ఏడవకుండా పసిపిల్లలకి నిద్రమందు. అది చదివాక కాసేపు కౌంటరు పట్టుకుని నిలబడ్డాను.

ఆ కూడలిలోనే జనాన్ని పోగుచేసి, 1942లో బెల్‌జెత్స్ శిబిరానికి రైళ్లలో పంపి చంపారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో ఘెట్టోనే ఖాళీ చేశారు. వదిలేసిన మూటలు, సామాను కూడలిలో పడి ఉన్నాయట. 2005లో పెట్టిన ఆ 33 పెద్ద కుర్చీలు వాటికి గుర్తుగానే. నేను కూర్చున్న బుల్లి కుర్చీలూ అందులో భాగమే, కూర్చోవచ్చట. ఆ మాట తెలిశాక కాస్త స్థిమితపడ్డాను, కానీ మళ్లీ కూర్చోలేదు.

వచ్చేనెల కజిమెజ్‌లో పాత ఇంటికి మారతానన్నావు. అక్కడి యూదులు వాకిలికి కుడి పక్క చెక్కకి, తమ పవిత్ర గ్రంథంలోని వాక్యాలు రాసిన తోలుముక్కని చిన్న గొట్టంలో పెట్టి ఏటవాలుగా బిగిస్తారు. మనం గడపకి పసుపు రాసినట్టే. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని చెబితే నవ్వావు కానీ, ఉన్నారు.

తలుపులకి రంగు వేయమని ఓనర్‌ని అడుగుతానన్నావు కదా. ఆ పని కాకముందే కుడి పక్క, నీ భుజం ఎత్తున, చేత్తో తడిమి చూడు. ఏటవాలుగా గుంత తగిలితే ఫోటో పంపు.

అమ్మ