పందేన్ని పందెమనే రాయండి

సంపాదకుడు గారికి,

ఫుట్‌బాల్ మ్యాచ్ వార్తల పక్కన ఈమధ్య పేపర్లలో, చానెళ్లలో 'ప్రిడిక్షన్ మార్కెట్ ప్రకారం ఫలానా జట్టుకు 62 శాతం అవకాశం' అని వేస్తున్నారు. అది ఆట తెలిసినవాళ్ల అంచనా కాదండీ, డబ్బు పెట్టినవాళ్ల పందెం రేటు.

అమెరికాలో కల్షీ, పాలీమార్కెట్ లాంటి ప్రిడిక్షన్ మార్కెట్ యాప్‌లలో 'ఈ జట్టు గెలుస్తుందా' అనే ప్రశ్నకు అవును, కాదు అని కాంట్రాక్టులు అమ్ముతారు, 62 సెంట్లు పెట్టి 'అవును' కొంటే, గెలిస్తే డాలరు వస్తుంది, లేకపోతే సున్నా. మధ్యలో రేటు పెరిగితే అమ్ముకోవచ్చు కాబట్టి దీన్ని ట్రేడింగ్ అంటున్నారు. ఇది అమెరికా కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉన్న వాయిదా వ్యాపారమని కల్షీ వాదన. లైసెన్సు లేని బెట్టింగేనని నెవాడా, న్యూజెర్సీ రాష్ట్రాలు 2025లో నోటీసులిచ్చాయి, గొడవ కోర్టులకెక్కింది.

నాది నిజామాబాద్. పసుపులో వాయిదా వ్యాపారం అంటే ఏమిటో ఇక్కడ చూస్తూనే ఉంటాం. సరుకు చేతికొచ్చేలోపు ధర పడిపోతుందన్న భయం నిజంగానే ఉంటుంది, అందుకే ముందే ఒక ధరకి ఒప్పందం చేసుకుంటారు. ఆ భయం పసుపు నాటిన రోజే పుట్టింది. డల్లాస్‌లో అద్దె గదిలో ఉన్న కుర్రాడికి స్పెయిన్ ఓడిపోతే ఏం నష్టం? ఆ కాంట్రాక్టు కొన్నాకే కదా వాడికి నష్టం పుట్టింది!

ఆ కుర్రాడు మా మేనల్లుడే, అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. టెక్సస్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్‌కి చట్టం ఒప్పుకోదు, కానీ 18 ఏళ్లు నిండితే చాలు ఈ యాప్ ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఓ మ్యాచ్‌లో వాడి జట్టు పెనాల్టీల్లో నెగ్గింది, వాడి డబ్బు మాత్రం పోయింది, ఎందుకంటే వాడు కొన్న కాంట్రాక్టు 90 నిమిషాలు, ఇంజురీ టైమ్ వరకే. 2022 ప్రపంచకప్ ఫైనల్‌ని ఆ లెక్కన చూడండి: 90 నిమిషాలకి 2-2, అంటే డ్రా. అర్జెంటీనా కప్పు ఎత్తింది గానీ, ఆ లెక్కలో 'అర్జెంటీనా గెలుపు' కొన్నవాడికి సున్నానే. రెండు నెలల అద్దె పోగొట్టుకుని ఫోన్ చేసి కూడా వాడు అన్న మాట, "బెట్టింగ్ కాదు మామయ్యా, ట్రేడ్ చేశాను" అని. నాకు డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ బాధ కలిగించింది. పందెం అని ఉంటే వాడు ముట్టుకునేవాడు కాదు, మా ఇంట్లో పేకాట కూడా ఎరగడు.

మన దగ్గర ఆన్‌లైన్ పందేలని తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఒపీనియన్ ట్రేడింగ్ (ఇలాంటి అవును-కాదు పందేలకి మన దగ్గరి పేరు) తన పరిధిలోకి రాదనీ, అందులో డబ్బు పెడితే మదుపరులకు ఉండే రక్షణ ఏదీ ఉండదనీ షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది, ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చాక ప్రోబో లాంటి ఒపీనియన్ ట్రేడింగ్ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. అంగళ్లు మూయించాక ఆ రేట్లు మాత్రం క్రీడా పేజీలోకి ఎందుకు రావాలి?

ఆటకీ ఇది మంచిది కాదు. 2010లో ఓ ఫ్రెండ్లీ మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో ఆడింది అసలు టోగో (ఆఫ్రికా దేశం) జట్టే కాదు, నకిలీ జట్టు! పెద్దగా ఎవరూ చూడని అలాంటి ఫ్రెండ్లీ మ్యాచ్‌ల మీద కూడా డబ్బు చేరితే ఆటగాళ్లకి, రెఫరీలకి ఎంత టెన్షన్ పెడతారో, ఎంత ఆశ చూపిస్తారో ఆలోచించండి.

నా విన్నపం ఒక్కటే. మీ పేపర్లో ఆ శాతాలు వేయకండి. వేయక తప్పదనుకుంటే పక్కనే 'ఇది పందెం రేటు' అని తెలుగులో, అదే సైజు అక్షరాల్లో వేయండి.

- ఒక పాఠకుడు, నిజామాబాద్