కడపంక్తి ఓటరు నుంచి ఎఫ్‌సీసీ చైర్మన్ గారికి

అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ చైర్మన్ గారికి,

అయ్యా,

నమస్కారం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్న తెలుగువాణ్ణి. పౌరసత్వం వచ్చినప్పటి నుంచి, పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక ఒక్కటి కూడా మానలేదు. ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన విషయమో, నా అమాయకత్వమో మీరే తేల్చాలి. టీవీవాళ్లు ఈ ప్రైమరీలను చూపించే తీరు బాగాలేదని ఇంతకుముందు మా ప్రాంతంలో వచ్చే ఒక చానల్‌కు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని యంత్రం జవాబిచ్చింది. అంత విలువైనది కనుకనే ఏ ఇనప్పెట్టెలోనో పెట్టి తాళం వేసి ఉంటారు. అందుకే, టీవీ, రేడియో ప్రసారాల మీద అజమాయిషీ చేసే మీకు ఇప్పుడు రాస్తున్నాను.

2024 జూన్ 4 సంగతి చెబుతాను. ఆ రోజు మా ప్రైమరీ. ఇండియాలో ఓట్ల లెక్కింపు కూడా అదే రోజు. అక్కడ ఉదయం ఎనిమిదంటే మాకు ముందు రోజు రాత్రి పదిన్నర. మా వీధిలో తెలుగు ఇళ్లన్నిటా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పిఠాపురం ఏమైంది, మంగళగిరి ఏమైంది అని ఒకటే ఫోన్లు. ఆంధ్రలో కూటమి ఊడ్చేసిందని తేలాక కాఫీ తాగి, ఓటు వేయడానికి చెప్పులు వేసుకుంటున్నాను. రాత్రంతా నా పక్కన కూర్చుని నియోజకవర్గాల ఆధిక్యాలు నోటికి అప్పజెప్పిన మిత్రుడు "పొద్దున్నే ఎక్కడికండీ?" అన్నాడు. ఆయనా ఇక్కడి పౌరుడే, ఇక్కడి ఓటరే. మన ప్రైమరీ కదా అన్నాను. "అదెప్పుడో అయిపోయిందిగా!" అన్నాడు.

ఆయనను నేనేమీ అనలేను. మార్చి 12 నాటికే బైడెన్‌కూ ట్రంప్‌కూ అభ్యర్థిత్వానికి కావలసినంత మంది డెలిగేట్లు, అంటే పార్టీ సమావేశంలో ఓటు వేసే ప్రతినిధులు, వచ్చేశారు. ఆ రోజే టీవీవాళ్లు పందిరి విప్పి, కుర్చీలు సర్దుకుని వెళ్లిపోయారు. మా బ్యాలెట్ మీద సెనేట్ అభ్యర్థులు కూడా ఉన్నారనే సంగతి ఆయన చెవిన వేసినవాళ్లే లేరు. నేను వెళ్లేసరికి పోలింగ్ కేంద్రంలో నాకంటే సిబ్బందే ఎక్కువ మంది.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మా సామెత. మేం కూర్చున్నది కడపంక్తి, వడ్డించేవాడు మా ముఖమైనా చూడడు. మొదటి పంక్తి అయోవా రాష్ట్రానిది. జనవరి చలిలో అక్కడి రైతు మొక్కజొన్న గురించి ఏమనుకుంటున్నాడో దేశమంతా నెలల తరబడి వినాలి. వినిపించండి, నాకేం బాధ లేదు. కానీ ఆ మొదటి పంక్తికైనా సవ్యంగా వడ్డించారా? 2024 జనవరి 15న అక్కడ రిపబ్లికన్ల కాకస్, అంటే ఓటర్లు ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సభ, మొదలైన అరగంటకే ట్రంప్ గెలిచాడని ప్రకటించేశారు. ఎముకలు కొరికే చలిలో వచ్చి, అభ్యర్థుల తరఫున ప్రసంగాలు వింటున్నవాళ్లు, ఇంకా చీటీ రాయనివాళ్లు, తాము వేయబోయే ఓటు ఫలితాన్ని తమ ఫోన్లలో చదువుకున్నారు! పెళ్లికూతురు పీటల మీదకు రాకముందే అప్పగింతలు పాడేశారన్నమాట.

మాకు జరిగింది ఇంతకంటే ఘోరం. 2016 జూన్ 7న మా ప్రైమరీ, కాలిఫోర్నియాది కూడా ఆ రోజే. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, మొదటి ఓటు. ముందు రోజు సాయంత్రం అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సూపర్ డెలిగేట్లను, అంటే ప్రైమరీ ఫలితాలతో పని లేకుండా తమకు నచ్చినవారికి ఓటు వేయగల పార్టీ పెద్దలను, అడిగి కూడిక వేసి, హిల్లరీ క్లింటన్‌కు డెమోక్రటిక్ అభ్యర్థిత్వం ఖాయమైందని చెప్పేసింది. ఆ సూపర్ డెలిగేట్లు ఓటు వేయాల్సింది జులైలో జరిగే పార్టీ సమావేశంలో. చానళ్లన్నీ రాత్రంతా అదే పాట. పొద్దున్నే అమ్మాయి "నాన్నా, నిన్న రాత్రే అయిపోయిందటగా, మనం వెళ్లడం ఎందుకు?" అంది. వెళ్లాం లెండి. కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

అభ్యర్థుల విషయానికి వస్తే, టీవీ వార్తల్లో ఎవరికెన్ని నిమిషాలో లెక్కగట్టే ఆండ్రూ టిండాల్ లెక్కలు మీరు చూసే ఉంటారు. 2015లో నవంబరు నెలాఖరు దాకా ఏబీసీ సాయంత్రపు వార్తల్లో ట్రంప్‌కు 81 నిమిషాలు, డెమోక్రటిక్ అభ్యర్థిత్వానికి హిల్లరీతో పోటీపడ్డ బెర్నీ శాండర్స్‌కు 20 సెకన్లు. మళ్లీ చదవండి, సెకన్లే. నేను ఆయన అభిమానిని కాను. అయినా తుమ్మి, ముక్కు తుడుచుకునేలోపు ఒక అభ్యర్థి ఏడాది అయిపోతే ఎలా? 2016 మార్చి 15 రాత్రి ఫీనిక్స్‌లో శాండర్స్ ప్రసంగిస్తుంటే కేబుల్ చానళ్లు ట్రంప్ ఇంకా రాని వేదికను చూపించాయి. ఖాళీ వేదికకు ఉన్న భాగ్యం మనిషికి లేకపోయింది. అప్పటి సీబీఎస్ అధిపతి లెస్ మూన్వెస్ దాపరికం లేకుండా చెప్పనే చెప్పారు, ఈ ఎన్నికల హడావిడి దేశానికి మంచిది కాకపోవచ్చు గానీ సీబీఎస్‌కు మాత్రం బ్రహ్మాండమని. ఆ నిజాయితీకి దండం పెట్టాలి.

అభ్యర్థులకు సమాన సమయం ఇవ్వాలనే మీ 315వ సెక్షన్ గురించి మీకే చెప్పేటంతవాణ్ణి కాను. ఒక్కటే అడుగుతాను. 2015 నవంబరులో ఒక హాస్య కార్యక్రమంలో ట్రంప్ కనిపించింది 12 నిమిషాల 5 సెకన్లు. అడిగిన మిగతా అభ్యర్థులకు ఎన్‌బీసీ అంతే సమయం సెకన్లతో సహా కొలిచి ఇచ్చింది. అంటే నవ్వులాటకు గడియారం ఉంది. వార్తలకు వచ్చేసరికి సమాన సమయం అక్కర్లేదన్న 1959 నాటి మినహాయింపు, గడియారం గోడ దిగిపోతుంది! ఇదేం న్యాయమండీ?

మీ జవాబు నాకు తెలుసు. రాజ్యాంగం మొదటి సవరణ, పత్రికా స్వేచ్ఛ, కేబుల్ మీ చేతిలో లేదు. నిజమే. ఎవరి నోరూ నొక్కమని నేను అనడం లేదు. ఇండియా చానళ్లు సాధువులని కూడా అనను, ఏ చానల్ ఏ పార్టీదో మా ఊళ్లో పాలవాడికి కూడా తెలుసు. అయినా 2024లో ఆంధ్రలో మే 13న ఓట్లు పడితే, జూన్ 1న దేశంలో చివరి విడత ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ చెప్పడానికి చట్టం ఒప్పుకోలేదు. అక్కడ పట్టిన ఓపిక ఇక్కడ ఒక్క సాయంత్రమైనా పట్టలేరా?

రాజకీయ ప్రకటనలు ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో ప్రతి స్టేషన్ తన పబ్లిక్ ఫైలులో పెట్టాలన్న నిబంధన మీదే కదా. అదే ఫైలులో ఏ అభ్యర్థికి వార్తల్లో ఎన్ని నిమిషాలు ఇచ్చారో కూడా రాయించండి. రాయించలేకపోతే, కనీసం చానళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. ఒక రాష్ట్రంలో ఓటింగ్ ముగియకముందే ఫలితం చెప్పవద్దని అడగండి. అడగడానికి ఏ సవరణా అడ్డం రాదు కదా. 2028లో మా వంతు వచ్చేసరికి ఒక్క కెమెరా అయినా మిగిలేలా చూడండి. ఏదో ఒకటి చేయండి, దయచేసి.

జవాబు రాస్తే మనిషి చేత రాయించండి. నా అభిప్రాయం విలువైనదని మాత్రం వద్దు.

ఇట్లు,
ఎడిసన్ ఓటరు ఒకడు